నజీర్ భాయ్ ఇచ్చిన ఆదివారం

నజీర్ అహ్మద్‌కి ఒకచోట కూర్చోవడం చేతకాదు. పాత టౌన్లో ఆయన ఆఫీసులో కుర్చీ ఉంటుంది, పైన ఫ్యాను తిరుగుతుంటుంది, బల్ల మీద టీ చల్లారుతుంటుంది, మనిషి మాత్రం ఉండడు. గోడౌనులో ఉన్నాడంటే అక్కడికి పరిగెత్తాలి. తీరా వెళ్తే, అయ్యో ఇప్పుడే పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాడంటారు. మార్కెట్‌కి వెళ్తే ఉల్లిపాయల బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగున ఉన్నవి కుళ్ళాయో లేదో చూస్తూ కనిపిస్తాడు. అరవై దాటిన మనిషి. ఆ కాళ్ళలో ఏ యంత్రం పెట్టి పంపాడో పైవాడికే తెలియాలి.

చేసే వ్యాపారం కూడా ఆ కాళ్ళకి తగినదే. రేవుకి వచ్చే ఓడల వంటగదులకి సరుకులు అందించడం. బియ్యం, కూరలు, కోడిమాంసం, సబ్బులు, చీపుళ్ళు, ఏది కావాలంటే అది. ఓడ మన వీలు చూసుకుని రాదు. పండగనీ చూడదు, జ్వరమనీ చూడదు. వచ్చిందంటే సరుకు కొని, ఏరి, బుట్టలకెత్తి, పోర్టు గేటు దాటించి, ఓడ నిచ్చెన దగ్గర దించాలి. ఆలస్యమైతే ఓడ వెళ్ళిపోతుంది, దానితోపాటు పేరూ పోతుంది. అది తండ్రి సంపాదించి పెట్టిన పేరు.

ఆ పేరు నిలబెడుతున్నది ముగ్గురు మనుషులు. కొనుగోళ్ళు చూసే రత్నరాజు, గోడౌనులో కూరలు ఏరి సర్దే తవిటమ్మ, వేను నడిపే నరేష్. అందులోనూ రత్నరాజంటే నజీర్ భాయ్‌కి కుడిచెయ్యి. మీసం సరిగ్గా రాని వయసులో వచ్చి చేరాడు, ఇప్పుడు కణతల దగ్గర నెరిసింది. ఏ దేశపు ఓడలో వంటవాడు ఏ కూర తింటాడో, ఏది చూస్తే మొహం తిప్పుకుంటాడో అతనికి కంఠతా వచ్చు.

ఆదివారం సెలవు కథ మాత్రం నరేష్ బుర్ర పగలడంతో మొదలైంది. వేసవిలో ఓడల మీద ఓడలు వచ్చిపడ్డాయి. ఊపిరి తీసుకునే సందు లేదు. నరేష్ మిట్టమధ్యాహ్నం స్టీరింగు మీదే కునుకు తీసి, వేనుని తీసుకెళ్ళి డివైడర్‌కి గుద్దాడు. తలకి కుట్లు పడ్డాయి, ప్రాణానికేం కాలేదు. నజీర్ భాయ్ ఆస్పత్రికి పరిగెత్తాడు. నరేష్ భార్య హేమశ్రీ ఆయన్ని ఒక్క మాట అనలేదు. చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని ఆయన చెప్పుల వైపు చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

ఆ తిట్లేవో కూతురు గజాలా తిట్టింది. ఆ పిల్ల రుషికొండ వైపు ఒక కంపెనీలో ఉద్యోగుల బాగోగులు చూసే పనిలో ఉంది. మనుషులకి వారానికి ఒక్కరోజు విడుపు లేకుండా ఎద్దుల్లా తోలడమేమిటి అబ్బా, రేపు ఎవరైనా పోతే వాళ్ళింటికి బిర్యానీ పంపిస్తావా అని అడిగేసింది. నజీర్ భాయ్‌కి గుండెల్లో కలుక్కుమంది. మర్నాడే ముగ్గుర్నీ పిలిచి, ఇక మీదట ఆదివారం గోడౌను తాళం తియ్యనని ప్రకటించాడు. రత్నరాజు చర్చికి ప్రశాంతంగా వెళ్ళొచ్చు, పిల్లలకీ బళ్ళుండవు, అందరూ హాయిగా పడుకోండి అన్నాడు. జీతంలో కోత లేదు. తవిటమ్మ కళ్ళు తుడుచుకుంది. నజీర్ భాయ్ కూడా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కానీ ఆగడం మన భాయ్ జాతకంలోనే లేదాయె.

మొదటి ఆదివారం పొద్దున్నే లేచాడు. నమాజు అయింది, టీ అయింది, పేపరు అయింది. తరవాత ఏం చెయ్యాలో తోచలేదు. ఇల్లంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. వంటింట్లోకి వెళ్ళి భార్య రసూల్ బీ మసాలా డబ్బాలన్నీ దించి, పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క సర్దాడు. ఆవిడ గరం మసాలా అనుకుని కాఫీ పొడి కూరలో వేసింది. ఇంకేముంది, మీకు పుణ్యముంటుంది, ఎక్కడికైనా పోయి రండి అని చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టింది.

వీధిలోకి వచ్చాక ఆయనకి ఒక అనుమానం పుట్టింది. సెలవైతే ఇచ్చాను, వీళ్ళు నిజంగా పడుకుంటున్నారా? ఇంకెక్కడైనా కూలికి పోయి ఒళ్ళు హూనం చేసుకుంటున్నారా? అనుమానం పుట్టాక ఆయన్ని ఆపేదెవరు? జగదాంబ దగ్గర ఆపిల్ పళ్ళు కొని, పాత మారుతి కారు తీసి, సరాసరి మల్కాపురంలో రత్నరాజు ఇంటికి వెళ్ళాడు.

రత్నరాజు చర్చి నుంచి వచ్చి, లుంగీ కట్టుకుని, ఫ్యాను కింద చాప మీద అప్పుడే వాలాడు. గుమ్మంలో భాయ్‌ని చూడగానే ఎగిరి లేచాడు. చొక్కా వేసుకున్నాడు. భార్య ప్రేమలీల చాప చుట్టేసి, పక్కింటి అప్పాయమ్మ దగ్గర్నుంచి కుర్చీ తెచ్చింది. కూతురు స్టెఫీ కూల్ డ్రింకుకి పరిగెత్తింది. నజీర్ భాయ్ కుర్చీలో కూర్చుని, అబ్బే మీరేం కంగారుపడకండి, నువ్వు రెస్టు తీసుకుంటున్నావో లేదో చూసిపోదామని వచ్చానంతే రాజూ అన్నాడు. తీసుకుంటున్నానన్నాడు రత్నరాజు, చేతులు కట్టుకుని నిలబడి. ఆ తరవాత మాట మీద మాట వచ్చి, మంగళవారం రాబోయే ఓడ గురించీ, టమాటాల గురించీ, మనుషులు మంచి బంగాళాదుంపని గుర్తుపట్టలేని ఈ కాలం గురించీ గంటన్నర సాగింది. ప్రేమలీల భోజనం పెట్టింది. నజీర్ భాయ్ కడుపు నిండా తిని, మనసు నిండా మురిసి, అక్కడి నుంచి చెంగల్రావుపేటలో తవిటమ్మ ఇంటికీ, ఆపైన సబ్బవరంలో నరేష్ ఇంటికీ వెళ్ళాడు.

నరేష్ దగ్గర ఇంకా విడ్డూరం. వాడు లేచి నిలబడబోతే భాయ్ ఒప్పుకోలేదు. తల కుట్లవాడివి, నువ్వు పడుకోవాల్సిందే, నన్ను పట్టించుకోకు అని మంచం మీద పడుకోబెట్టాడు. తాను పక్కనే కుర్చీ వేసుకుని పేపరు తిరగేస్తూ కూర్చున్నాడు. యజమాని కాపలా కాస్తుండగా నరేష్ కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు పక్కన బెట్టుకుని, ఇంజెక్షను కోసం ఎదురుచూసేవాడిలా పడుకున్నాడు. కాసేపటికి భాయ్ వంగి, నిద్ర పట్టిందా అని మెల్లిగా అడిగాడు. పట్టిందండి అన్నాడు నరేష్.

ఆ రాత్రి నజీర్ భాయ్ తృప్తిగా నిద్రపోయాడు. నా మనుషుల్ని నేనెంత బాగా చూసుకుంటున్నాను అనుకున్నాడు. ఆ పైన ప్రతి ఆదివారమూ అదే దారి. మల్కాపురం, చెంగల్రావుపేట, సబ్బవరం. చేతిలో ఆపిల్ పళ్ళు. సోమవారం పొద్దున ఆఫీసులో మొదటి మాట, "నిన్న ఏం చేశావ్ రాజూ? బాగా పడుకున్నావా?" అనే. సగం రోజు ఎదురుగా కూర్చున్న మనిషే మళ్ళీ ఆ మాట అడిగితే రత్నరాజు ఏం చెబుతాడు? పడుకున్నాను భాయ్ అనేవాడు.

అలా వానలు వెళ్ళాయి, దసరా వెళ్ళింది. ఒకరోజు మార్కెట్లో ఉల్లిపాయల వర్తకుడు నజీర్ భాయ్ చెవిలో ఒక మాట వేశాడు. రేవులో ఓడలకి సరుకులిచ్చే కంపెనీ ఒకటి కొత్తగా దిగింది. పెద్ద అద్దాల ఆఫీసు. వాళ్ళు రత్నరాజుని రమ్మంటున్నారట. రత్నరాజు కాదనలేదట, ఆలోచించి చెబుతానన్నాడట.

నజీర్ భాయ్ గుండెల్లో రాయి పడింది. ఉల్లిపాయలు అక్కడే వదిలేసి ఆఫీసుకొచ్చాడు. కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. రత్నరాజు వెళ్ళిపోతే ఇంకేం మిగులుతుంది? ఆ తవిటమ్మా, నరేషూ అతని వెనకాలే పోతారు. తాళం వేసుకుని తాళంచెవి సముద్రంలో పారెయ్యాల్సిందే. అంతకన్నా పెద్ద బాధ ఒకటుంది, అది ఎవరితోనూ చెప్పుకోలేడు. నేనేం తక్కువ చేశాను? ఏ యజమాని ఆదివారం ఎండలో పడి పనివాళ్ళ ఇళ్ళకి పళ్ళు మోసుకెళ్తాడు?

గజాలా ఫోనులో, అతన్నే అడగొచ్చు కదా అబ్బా, నోరుంది కదా అంది. అడగడమా! అడిగితే అవునంటాడేమో. ఆ భయంతో వారమంతా రత్నరాజు మొహం వైపు దొంగచూపులు చూస్తూ గడిపాడు. అతను నవ్వితే వెళ్ళిపోతున్నాడు కాబట్టి నవ్వుతున్నాడనిపించింది. నవ్వకపోతే వెళ్ళిపోతున్నాడు కాబట్టి నవ్వడం లేదనిపించింది. అన్నం సయించలేదు. చివరికి ఆదివారం ఇంటికే వెళ్ళి, నలుగురి ముందూ కూర్చుని, తేల్చుకుందామని నిశ్చయించుకున్నాడు. ఆ వేళ ఆపిల్ పళ్ళతోపాటు దానిమ్మలు కూడా కొన్నాడు.

మల్కాపురంలో రత్నరాజు ఇంటికి తాళం వేసి ఉంది.

పక్కింటి అప్పాయమ్మని అడిగితే, ఆవిడ కళ్ళలోకి చూడకుండా, సుట్టాలింట్లో పెళ్ళంట బాబూ అని లోపలికి వెళ్ళిపోయింది. ఫోను చేస్తే స్విచాఫ్. సరే అని చెంగల్రావుపేట వెళ్ళాడు. తవిటమ్మ ఇంటికీ తాళం. ఆమె ఫోనూ స్విచాఫ్. కారులో ఆపిల్ పళ్ళు ఆ పక్కకీ ఈ పక్కకీ దొర్లుతుంటే సబ్బవరం దాకా ఎలా తోలాడో ఆయనకే తెలియదు. నరేష్ ఇంటికి కూడా తాళమే. అది చాలదన్నట్టు ఇంటి ముందు ఉండాల్సిన వేను లేదు. ఆఫీసు వేను, ఆయన వేను!

ఇక బుర్ర పని చెయ్యడం మానేసింది. ముగ్గురూ కలిసి మాట్లాడుకున్నారు. ఇవాళే ఆ కంపెనీవాళ్ళ దగ్గరికి వెళ్ళారు. అదీ నా వేనులో, నా డీజిలు పోసుకుని! తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళు ఇలాగే ఉంటారు కాబోలు. కోపం వచ్చింది, ఆ వెనకాలే ఏడుపూ వచ్చింది. ఇంతలో ఇంటి యజమానురాలు మేడ మీద నుంచి వంగి, నరేష్ కోసమా బాబూ, ఆలు యారాడ ఎల్లినారు, ఆఫీసువోలందరూ పిల్లాపాపల్తో ఏనెక్కి పోనారు అని చెప్పింది.

యారాడా? అక్కడేముంది, సముద్రం తప్ప?

మళ్ళీ గాజువాక దాటి, మల్కాపురం దాటి, సింధియా దాటి, కొండెక్కాడు. పాత కారు మలుపు మలుపుకీ మూలిగింది. ఆయన దాన్ని తిడుతూ, బతిమాలుతూ ఎక్కించాడు. కొండ మీద నుంచి కిందకి చూస్తే ఆ చివర నుంచి ఈ చివర దాకా ఇసక, కొబ్బరిచెట్లు, నీళ్ళు. ఊరివాళ్ళు అక్కడ కారు ఆపి ఫొటోలు తీసుకుంటారు. నజీర్ భాయ్ వేను కోసం వెతికాడు. కొబ్బరిచెట్ల నీడలో తెల్లగా నిలబడి ఉంది.

కారు దూరంగా ఆపి దిగాడు. దారి మొదట్లో గంగాలమ్మ అనే మనిషి తాటాకు పాక కింద చేపలు పెట్టుకుని అమ్ముతోంది. ఎండకి నల్లబడ్డ మొహం, నోట్లో అడ్డచుట్ట. సరాసరి వాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి కాళ్ళు రాక, నజీర్ భాయ్ ఆమె ముందు ఆగాడు. చేపలు చూస్తున్నట్టు చూసి, ఆ వేనువాళ్ళు ఎప్పుడొచ్చారమ్మా అని అడిగాడు.

"పొద్దున్నే వచ్చీసినారు బాబూ. ఆల్దో కత," అంది గంగాలమ్మ చుట్ట తీసి. "ఆల ఓనరున్నాడంట. ఆదివారం సెలవిచ్చీసి, ఆ ఆదివారమే ఇంటికొచ్చి కూకుంటాడంట. మంచోడేనంట పాపం, పళ్ళు కూడా అట్టుకొత్తాడంట. కానీ ఎదురుగా ఓనరు కూకుంటే ఏ మడిసికి నిద్దరొత్తాది? అందుకని ఇక్కడికొచ్చి దాక్కున్నారు."

నజీర్ భాయ్ చూపు చేపల మీదే ఉండిపోయింది.

"ఇంతకీ సేపలు కొంటావా బాబూ, నేదా?"

కొన్నాడు. ఏ చేపో అడగలేదు, బేరమాడలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన బేరమాడకుండా కొన్న సరుకు అదొక్కటే. సంచీ చేతికిచ్చాక కూడా అక్కడే నిలబడ్డాడు. మొహం మండిపోతోంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, అయినా నలుగురిలో చెంపదెబ్బ తిన్నట్టుంది. నేను పళ్ళు తీసుకెళ్ళింది వీళ్ళు నా నుంచి పారిపోవడానికా? వెనక్కి తిరిగి కారెక్కేద్దామనుకున్నాడు. కానీ ఆ మనిషికి వెనక్కి తిరగడం వచ్చి ఉంటే ఈ కథే లేదు. కొబ్బరిచెట్ల వైపు నడిచాడు.

ముందు రత్నరాజు కనిపించాడు. ఇసక మీదకి లాగిపెట్టిన పడవ నీడలో, ఒంటి మీద బనీనుతో, వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నోరు తెరుచుకుంది. ఒక చెయ్యి పొట్ట మీద, ఇంకో చెయ్యి ఇసకలో. గురక వినిపిస్తోంది. ఇన్నేళ్ళలో రత్నరాజు నిద్రపోతుండగా నజీర్ భాయ్ ఎప్పుడూ చూడలేదు. నిద్రలో ఆ మొహం ఇంకెవరిదోలా ఉంది. చిన్నవాడిలా ఉన్నాడు. అవతల నరేష్ కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని నీళ్ళలో గెంతుతున్నాడు. తవిటమ్మ, రోజంతా వంగి కూరలు ఏరే తవిటమ్మ, కాళ్ళు బారజాపుకుని ఊరికే సముద్రం వైపు చూస్తోంది. ప్రేమలీలా, హేమశ్రీ కలిసి రాళ్ళ పొయ్యి మీద చేపల పులుసు పెట్టారు.

మొదట చూసింది స్టెఫీ. నాన్నా, భాయొచ్చారు అంది.

రత్నరాజు కళ్ళు తెరవకముందే లేచి నిలబడ్డాడు. నిజంగానే, ముందు మనిషి లేచాడు, తరవాత కళ్ళు తెరుచుకున్నాయి. చెయ్యి చొక్కా కోసం వెతికింది. బొత్తాం ఒక కాజాది ఇంకో కాజాలో పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏటి భాయ్, ఓడేదైనా వచ్చీసిందా? అయిదు నిమసాల్లో బయల్దేరిపోదాం."

ఆ వెనకాల నరేష్ తడి ప్యాంటుతో వేను తాళాలకి పరిగెత్తాడు. తవిటమ్మ కాళ్ళు ముడుచుకుని చెంగు సర్దుకుంది. ప్రేమలీల బోర్లించిన ప్లాస్టిక్ తొట్టి మీద ఇసక పైటకొంగుతో తుడిచి, కూర్చోండి అంది. హేమశ్రీ పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఒక్క మనిషి నాలుగడుగులు వేస్తే అంత సముద్రపొడ్డూ గోడౌనైపోయింది. అది నజీర్ భాయ్ కళ్ళారా చూశాడు. చూశాక ఇక చూడలేదని అనుకోవడానికి లేదు.

ఓడేం రాలేదు, చేపలకని వచ్చాను అన్నాడు, సంచీ పైకెత్తి చూపిస్తూ. పాత టౌన్లో ఫిషింగ్ హార్బర్ పక్కనే కాపురముండే మనిషి చేపల కోసం కొండెక్కి యారాడ వచ్చానంటే ఎవరు నమ్ముతారు? ఎవరూ నమ్మలేదు, ఎవరూ కాదనలేదు. తొట్టి మీద మాత్రం ఆయన కూర్చోలేదు. రత్నరాజుని ఇలా రమ్మని పడవ అవతలికి తీసుకెళ్ళాడు.

"వెళ్ళిపోతున్నావా రాజూ?"

రత్నరాజు తల వంచుకున్నాడు. "ఇంకా సెప్పనేదు భాయ్. రేపు కాదు, పై సోమారం సెప్పమన్నారు."

జీతమా అని అడిగాడు నజీర్ భాయ్. ఎంతైనా సరే మాట్లాడుకుందాం అన్నాడు. రత్నరాజు కాదన్నట్టు తల ఊపాడు. కాలి బొటనవేలితో ఇసక తవ్వాడు. చెప్పు రాజూ, నా మీద ఒట్టు అన్నాడు భాయ్.

"జీతానికి కాదు భాయ్. ఆ కంపినీవోలికి నా ఇల్లు ఎక్కడున్నాదో తెల్దు. అందుకే ఎల్దావనుకున్నాను."

ఆ మాట అనడం అన్నాడు గానీ అతనికే కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ పైన కట్ట తెగినట్టు చెప్పుకుపోయాడు. సెలవు లేనప్పుడే ఓడ వెళ్ళాక మధ్యాహ్నం కాస్త పడుకునేవాడట, ఎవరూ చూసేవారు కాదట. ఇప్పుడు చర్చిలో పాస్టర్ గారు ప్రార్థన చేస్తుంటే, భాయ్ వచ్చే వేళయిందేమోనని చెవి రోడ్డు మీద ఉంటోందట. భాయ్ తినాలి కదా అని హలాల్ కొట్టు వెతుక్కుంటూ వెళ్ళి కోడి తెస్తున్నాడట. కూతురికి బైకు మీద కూర్చోబెట్టుకుని బీచికి తీసుకెళ్తానని ఇచ్చిన మాట ప్రతి ఆదివారం తప్పుతున్నాడట. పోనీ తలుపు తియ్యొద్దంటే, ఎలా తియ్యకుండా ఉంటాడు?

"మీరు మంచోలు భాయ్. అదే మాకు సిక్కు. సెడ్డోడైతే తలుపేసీసుకుందుం." అతను మొహం తుడుచుకున్నాడు. "ఆదివారం మా ఇంటికి రాకండి భాయ్."

ఇంటికి రావద్దు అనే మాట ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అనలేదు. శత్రువులు కూడా అనలేదు. నజీర్ భాయ్ ఏదో అనబోయాడు. నేను నీ కోసమే కదరా వచ్చేది అనబోయాడు. అంతలో చేదు నిజం ఒకటి నోటికి అడ్డం పడింది. వీళ్ళ కోసం కాదు. ఇంట్లో కూర్చోలేక వచ్చేవాడు. తన కాళ్ళ దురద వీళ్ళ గుమ్మాల్లో గోక్కుంటూ, దానికి దయ అని పేరు పెట్టుకున్నాడు.

రానన్నాడు. అంతే అన్నాడు.

ప్రేమలీల పులుసు దించింది. చింతపండు, కొత్తిమీర వాసన గాలిలో వచ్చి ముక్కుకి తగిలింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, కడుపులో పేగులు అరుస్తున్నాయి. ఒక్క ముద్ద తినేసెళ్ళండి భాయ్ అని ప్రేమలీలా, తవిటమ్మా గట్టిగా పట్టుబట్టారు. ఉండాలని ఆయనకి ఎంత ఉందో! వద్దమ్మా, ఇంటి దగ్గర మా ఆవిడ ఎదురుచూస్తుంటుంది అని అబద్ధమాడి, కారు వైపు నడిచాడు. ఆపిల్ పళ్ళూ దానిమ్మలూ కారులోనే ఉండిపోయాయి. ఇవ్వాలా వద్దా అని తలుపు దగ్గర ఆగి, ఇవ్వకుండానే ఎక్కాడు. వెనక నుంచి చాలాసేపటి దాకా నవ్వులు వినిపించలేదు. కొండ మలుపు తిరిగేటప్పుడు మాత్రం నరేష్ కూతురి కేక ఒకటి సన్నగా వినిపించింది.

ఆ వారమంతా ఓడలు వచ్చాయి, వెళ్ళాయి. రత్నరాజు ఎప్పటిలాగే పని చేశాడు. ఇద్దరూ యారాడ మాట ఎత్తలేదు. వెళ్తున్నావా ఉంటున్నావా అని నజీర్ భాయ్ అడగలేదు. అడగకుండా ఉండటం ఎంత కష్టమో ఆయన్నడిగితే తెలుస్తుంది. నాలుక మీద నిప్పుకణిక పెట్టుకుని తిరిగినట్టే తిరిగాడు.

ఆదివారం వచ్చింది. నమాజు, టీ, పేపరు. ఆపైన కుర్చీ. ఆయన కూర్చున్నాడు గానీ కుడికాలు ఆగడం లేదు. రసూల్ బీ చూసి చూసి, మనిషి ఇంట్లో ఉన్నాడు, కాలు మాత్రం బజార్లో ఉంది అని చేతిలో చిక్కుడుకాయల పళ్ళెం పెట్టింది. ఆయన ఈనెలు తీశాడు. తీసినవి మళ్ళీ చూశాడు. కాయలు అయిపోతే ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడు.

భోజనాల వేళకి ఫోను మోగింది. ఒక ఓడ ఏజెంటు. అనుకోకుండా ఓడ సాయంత్రమే బయల్దేరుతోంది, కూరలు కావాలి, పెద్ద ఆర్డరు, మీ రత్నరాజుని పంపండి అన్నాడు. నజీర్ భాయ్ నిలబడ్డాడు. పాత రక్తం ఒక్కసారి పొంగింది. రత్నరాజు నంబరు వేలికి తెలుసు, చూడకుండా నొక్కగలడు. ఒక్క ఫోను, ఒక్క గంట పని, ఏమైపోతుంది? వెళ్ళింది ఇంటికి కాదు కదా, ఫోనే కదా? మనసు వకీలులా వాదించింది. ఏజెంటేమో, మీరు కాదంటే కొత్త కంపెనీవాళ్ళు సిద్ధంగా ఉన్నారు, తరవాత నన్ననుకోవద్దు అన్నాడు.

"ఆదివారం మేం లేం సార్," అన్నాడు నజీర్ భాయ్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "రేపు పొద్దున మాట్లాడదాం."

ఫోను పెట్టేశాడు. తండ్రి సంపాదించిన పేరులో ఒక ముక్క తన చేత్తోనే విరిచి సముద్రంలో వేసినట్టుంది. అది ఆ కొత్త కంపెనీ చేతిలో పడుతుంది. రేపు రత్నరాజు కూడా అక్కడికే వెళ్తే? రెండూ పోతాయి. కారు తాళాలు మేకుకి వేలాడుతున్నాయి. వాటి వైపు చూడకుండా ఉండటానికి కుర్చీ తిప్పి గోడవైపు వేసుకున్నాడు. రసూల్ బీ ఇద్దరికీ ఒకే పళ్ళెంలో అన్నం పెట్టి, వచ్చి పక్కన కూర్చుంది. చేపల కూర చేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా చేతి కూర వేడిగా తిన్నారు అంది. సాయంత్రం ఎలా అయిందో తెలియదు గానీ, అయింది.

సోమవారం తెల్లవారకుండానే నజీర్ భాయ్ ఆఫీసు తలుపు తీసి కూర్చున్నాడు. తవిటమ్మ వచ్చింది. నరేష్ వచ్చాడు. వాళ్ళ మొహాల్లో ఏదైనా కనిపిస్తుందేమోనని చూశాడు, ఏమీ కనిపించలేదు. టీ వచ్చింది, చల్లారింది. వీధిలో బండి చప్పుడైనప్పుడల్లా గుండె ఆగింది. ఆగిన ప్రతిసారీ అది ఇంకెవరి బండో అయింది.

చివరికి రత్నరాజు బైకు వచ్చి ఆగింది. అతను ఎప్పటిలాగే మార్కెట్ నుంచి వచ్చాడు, చేతిలో నమూనాకి తెచ్చిన టమాటాలున్నాయి. లోపలికి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. ముక్కు మీద, మెడ మీద తోలు ఎర్రగా కమిలి ఉంది, ఎండలో బాగా తిరిగిన మనిషిలా. బూట్ల అంచుల్లో ఇసక. సోమవారం అడిగే ఆ మాట వస్తుందని తెలుసు కాబట్టి, జవాబు సిద్ధం చేసుకున్నవాడిలా నిలబడి ఎదురుచూశాడు.

"నిన్న..." అన్నాడు నజీర్ భాయ్.

ఎక్కడికెళ్ళారు? స్టెఫీని తీసుకెళ్ళావా? బాగా పడుకున్నావా? ఆ కంపెనీవాళ్ళకి ఏం చెప్పావు? అన్నీ గొంతు దాకా వచ్చాయి. ఆ ఇసక మీద నుంచి చూపు బలవంతాన లాక్కున్నాడు.

"నిన్న టమాటా ఎలాగుందట మార్కెట్లో?"

రత్నరాజు ఒక్క క్షణం ఆయన వైపు చూశాడు. తరవాత కుర్చీ లాక్కుని, ఎన్నడూ లేనిది, అడక్కుండానే ఎదురుగా కూర్చున్నాడు. టమాటాలు బల్ల మీద పెట్టి, మదనపల్లి సరుకు వచ్చింది భాయ్, గట్టిగా ఉంది, బుధవారం ఓడకి ఇదే కొందాం అన్నాడు.

బుధవారం అన్నాడు. నజీర్ భాయ్ ఆ మాట విని, టమాటా ఒకటి తీసుకుని నొక్కి చూశాడు. ఆదివారం రత్నరాజు ఎక్కడున్నాడో, ఏం చేశాడో ఆయనకి ఇక ఎప్పటికీ తెలియదు. కొందాం రాజూ అన్నాడు.